గుల్మార్గ్ స్కీ కోర్సుకు వెళ్తున్నాను, వైజాగ్ నుంచే బూట్లు కొనుక్కోవాలా?

మీరు అడిగింది ఇదీ: ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో రెండు వారాల స్కీ కోర్సు ఉంది, మీ షూ నంబరు 9, ఆన్‌లైన్‌లో బూట్లు డిస్కౌంట్‌లో కనబడుతున్నాయి, సేఫ్‌గా ఒక సైజు పెద్దది ఆర్డర్ పెట్టేయొచ్చా అని. వద్దండీ. ఆ ఒక్క సైజు పెద్దదానికే నా రెండు కాలి గోళ్ళు పోయాయి.

ఉద్యోగం మీద మూడేళ్ళు మ్యూనిక్‌లో ఉన్నాను. పుట్టి పెరిగింది ఎంవీపీ కాలనీ, మంచు అంటే లంబసింగి పొగమంచే తెలుసు. మొదటి చలికాలం ఆఫీసు వాళ్ళతో అక్కడి స్కీయింగ్ ఊరు గార్మిష్ వెళ్ళడానికి పాత సామాన్ల సంతలో 28.5 సైజు బూట్లు కొన్నాను. చిన్నప్పుడు స్కూలు బూట్లకి మా నాన్నగారు మడమ వెనక వేలు దూర్చి చూసేవారు, వచ్చే ఏడాదికి కూడా రావాలని. నాదీ అదే లెక్క. వేసుకుంటే హాయిగా ఉన్నాయి కూడా. కొండ దిగుతుంటే తెలిసింది. లోపల పాదం ముందుకీ వెనక్కీ జారుతూ, మలుపు తిరిగినప్పుడల్లా బొటనవేళ్ళు ముందు గోడకి కొట్టుకున్నాయి. జారకుండా బకిల్స్ ఇంకా బిగించాను. పాదం తిమ్మిరెక్కింది, మోకాలి కింద ముందెముక కమిలిపోయింది. సాయంత్రానికి గోళ్ళు నల్లబడ్డాయి.

తర్వాతి వారం స్కీ బూట్లకే పేరున్న ఒక షాపుకి వెళ్ళాను. అక్కడాయన నా షూ నంబరు అడగనే లేదు. ఉత్త కాళ్ళతో కొలత పలక మీద నిలబెట్టారు. పొడవు 26.8 సెంటీమీటర్లు. స్కీ బూటు సైజు అంటే పాదం పొడవే, సెంటీమీటర్లలో. దాన్ని మోండోపాయింట్ అంటారు. తర్వాత వెడల్పు, పాదం పైభాగం ఎత్తు, పిక్క లావు చూశారు. నా పాదం ముందువైపు వెడల్పు చూసి నవ్వారు. పాతికేళ్ళు చెప్పులేసుకుని, సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఉత్త కాళ్ళతో తిరిగిన పాదమని ఆయనకేం తెలుసు!

ఆ తర్వాత చేసిన పరీక్ష మీరూ చేసుకోవచ్చు. బూటు లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగేసి, ఉత్త ప్లాస్టిక్ డొప్పలో పాదం పెట్టి, వేళ్ళు ముందుకి ఆనించాలి. మడమ వెనక ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే సరిపోయినట్టు. నా సంత బూట్లలో మూడు వేళ్ళు పెట్టినా ఇంకా చోటు మిగిలింది. లైనర్ వేశాక నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగలాలి, మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి రావాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. నాకు చివరికి కుదిరింది 26.5. వెడల్పు చాలని చోట ప్లాస్టిక్‌ని వేడి చేసి బయటికి సాగదీశారు. గంటన్నర పట్టింది. ఫ్లెక్స్ నంబరు, అంటే బూటు గట్టితనం, ఎక్కువుంటే గొప్పనుకోకండి. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, పైగా వెచ్చటి షాపులో మెత్తగా వంగిన బూటు చలిలో బిగుసుకుంటుంది.

ఇక మీ సంగతి. మన ఊళ్ళో డాబా గార్డెన్స్ నుంచి ద్వారకా నగర్ దాకా తిరిగినా క్రికెట్, బ్యాడ్మింటన్ సామానే తప్ప స్కీ బూట్లు అమ్మే చోటు నాకు కనబడలేదు. కోర్సుల్లో సాధారణంగా సామాను వాళ్ళే ఇస్తారు, అడిగి రూఢి చేసుకోండి. మొదటిసారికి అవి చాలు. కాకపోతే ఇచ్చినవి తీసుకుని వచ్చేయకుండా, పైన చెప్పిన పరీక్ష అక్కడే చేసి, మడమ లేస్తుంటే చిన్న సైజు అడగండి. మొహమాటపడితే రెండు వారాలూ నరకమే. ఏటా వెళ్తానని తేలాక మంచి షాపులో కొనుక్కోండి, సరిచేయించుకోవడానికి మళ్ళీ వెళ్ళగలిగే ఊళ్ళో అయితే మరీ మంచిది.

కొని ఇంట్లో దాచుకోవడానికీ మన ఊరు అనుకూలం కాదు. నా బూట్లు తెచ్చి అటక మీద పెట్టాను. ఆరేళ్ళకి దింపితే బకిల్స్‌కి తుప్పు, లైనర్‌కి బూజు. కాలు పెట్టి వంచగానే డొప్ప పెళుక్కున పగిలింది. ఆ పాలీయురేథేన్ ప్లాస్టిక్‌ని తేమ లోలోపలే తినేస్తుందట. సముద్రం గాలికి అడ్డేముంది?

ఇక్కడి నుంచి కొనుక్కెళ్ళాల్సినవి మోకాలి దాకా వచ్చే పల్చటి ఉన్ని సాక్సులు రెండు జతలు. చలని చెప్పి ఒకదాని మీద ఒకటి వేయకండి, రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. గోళ్ళు మాత్రం బయల్దేరే ముందే పొట్టిగా కత్తిరించుకోండి.