మీ దరఖాస్తును చదివేది ఎవరు?

ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో పై చదువులకు దరఖాస్తు చేయడం గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) మూడో సంవత్సరం చదువుతున్నాను. సీజీపీఏ 8.1. అమెరికాలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్పుల రూపకల్పన)లో ఎమ్మెస్ చేయాలని ఉంది. అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీ వారు పది విశ్వవిద్యాలయాల జాబితా ఇచ్చి, ఎస్‌వోపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) కూడా తామే రాసిపెడతామన్నారు. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష అక్కర్లేదని కూడా చెప్పారు. వారి మాట వినవచ్చా?
— ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: జాబితా మాట ఎలా ఉన్నా, ఎస్‌వోపీని మాత్రం వారి చేతిలో పెట్టకండి. చాలా విభాగాల్లో దరఖాస్తులు ముందుగా కార్యాలయ సిబ్బంది దగ్గరకు వెళతాయి. వారు చూసేది కాగితాలన్నీ చేరాయా లేదా అన్నదే. ఆ తరువాత, మీరు ఏ రంగాన్ని ఎంచుకున్నారో ఆ రంగంలో పాఠాలు చెప్పే, పరిశోధన చేసే ఆచార్యులు వాటిని చదువుతారు. అంటే వీఎల్‌ఎస్‌ఐ అని మీరు గుర్తు పెడితే, చిప్పుల రూపకల్పనలోనే ఏళ్ల తరబడి గడిపిన వ్యక్తి మీ రెండు పేజీలను చేతిలోకి తీసుకుంటారన్నమాట. ‘చిన్నతనంలో రేడియో విప్పి చూసిన నాటి నుంచే నాకు ఎలక్ట్రానిక్స్‌పై మక్కువ’ అన్న వాక్యాన్ని ఆ వారంలో ఆయన ఎన్నోసారి చదువుతున్నారో ఊహించుకోండి. (నేనూ ఒకప్పుడు ఆ వాక్యంతోనే మొదలుపెట్టాను. మా ఇంట్లో రేడియోను విప్పింది నేను కాదు, మా అన్నయ్య.)

ఆ మనిషికి మీరు చెప్పవలసినది మీ చేతులతో చేసిన పని. కాలేజీలో వెరిలాగ్‌లో (సర్క్యూట్లను వర్ణించే కోడ్ భాష) ఒక మల్టిప్లయర్, అంటే గుణకారం చేసే సర్క్యూట్, రాసి, ఎఫ్‌పీజీఏ (కావలసిన సర్క్యూట్‌గా మలచుకోగల చిప్) బోర్డు మీద నడిపించారనుకుందాం. ‘అధిక వేగం గల మల్టిప్లయర్‌ను రూపొందించాను’ అని రాస్తే ఆయనకు తెలిసేది ఏమీ ఉండదు. క్రిటికల్ పాత్ (సంకేతానికి అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టే దారి) ఎక్కడ పడింది, పనిని దశలుగా విడగొట్టే పైప్‌లైన్ రిజిస్టర్ మధ్యలో పెట్టినప్పుడు క్లాక్ వేగం ఎంత పెరిగింది, ఫలితం రావడానికి అదనంగా ఎన్ని క్లాక్ సైకిళ్లు పట్టాయి, ఆ బేరం మీకు ఎందుకు గిట్టుబాటుగా తోచింది అన్నవి నాలుగు వాక్యాల్లో రాస్తే, మీరు ఆ పని నిజంగా చేశారని ఆయనకు రుజువు అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. అనుకున్నంత వేగం రాకపోతే రాలేదనే రాయండి. ఎందుకు రాలేదో మీకు అర్థమై ఉంటే, సాఫీగా పూర్తయిన ప్రాజెక్టు కన్నా అదే ఎక్కువ చెబుతుంది. ఇది ఏ కన్సల్టెన్సీ వారూ మీ బదులు రాయలేని భాగం.

మా కాలేజీలో చిప్ డిజైన్‌కు కావలసిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ టూల్స్ లేవని చాలామంది వాపోతుంటారు. ఆ మాట ఇప్పుడు సగమే నిజం. గూగుల్, స్కైవాటర్ సంస్థలు కలిసి 130 నానోమీటర్ల చిప్ తయారీ ప్రక్రియకు సంబంధించిన డిజైన్ కిట్‌ను 2020లో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాయి. దానికి ఓపెన్‌లేన్ వంటి ఉచిత టూల్స్ తోడైతే, వెరిలాగ్ కోడ్ నుంచి చిప్ లేఅవుట్ వరకు మొత్తం ప్రయాణాన్ని ఇంట్లోని ల్యాప్‌టాప్ మీదే చేసి చూడవచ్చు. మీ చేతిలో ఉన్న వేసవిని దీనికి కేటాయిస్తే, ఎస్‌వోపీలో రాయడానికి విషయం దానంతట అదే పోగవుతుంది.

ఇక జాబితా గురించి. కొన్ని కన్సల్టెన్సీలకు తాము చేర్పించే విద్యార్థుల లెక్కన విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ అందుతుంది గనుక, వారి జాబితాలో ఫలానా పేరు ఎందుకు ఉందో మీరే ఆరా తీయాలి. ర్యాంకును పక్కన పెట్టి, మీ రంగంలో అక్కడ ఎంతమంది ఆచార్యులు ఉన్నారు, ఏ కోర్సులు నిజంగా నడుస్తున్నాయి, థీసిస్‌కు అవకాశం ఉందా అన్నవి చూడండి. ఉదాహరణకు డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి మూలం టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకులు నెలకొల్పిన పరిశోధన కేంద్రమే. అది 1969లో రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలో చేరింది. సర్క్యూట్ల చదువుకు అటువంటి ఇరుగుపొరుగు ఉండటం ఏ ర్యాంకు పట్టికలోనూ కనిపించదు. మరోవైపు ఎంఐటీ పేరు జాబితాలో ఉంటే వెంటనే అనుమానించండి: అక్కడి ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ విభాగం బయటి విద్యార్థులను పీహెచ్‌డీకే తీసుకుంటుంది, కేవలం ఎమ్మెస్ కోసం కాదు. ఈ చిన్న సంగతి తెలియనివారు మిగతా తొమ్మిది పేర్లను ఎలా ఎంచారో మీకే అర్థమవుతుంది.

జీఆర్‌ఈ అక్కర్లేదన్నది కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల కాదు. ప్రతి విభాగం వెబ్‌సైట్ చూసి నిర్ధారించుకోండి. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష రెండు గంటల లోపే ముగుస్తోంది, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామందికి క్వాంట్ (గణితం) భాగంలో గరిష్ఠ స్కోరైన 170కి దగ్గరగా వస్తుంది కాబట్టి మంచి స్కోరు మిమ్మల్ని ప్రత్యేకంగా నిలబెట్టదు గానీ, కాలేజీ పేరు అక్కడివారికి తెలియనప్పుడు కాస్త ఆసరాగా ఉంటుంది. మీరైతే రాయడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయి జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) పూర్తి చేశాడు. రెండు సబ్జెక్టులు సప్లిమెంటరీలో పాసయ్యాడు. పవర్ ఎలక్ట్రానిక్స్ అంటే ఇష్టం. ఎమ్మెస్‌కు అప్పు చేయాలా, లేక నేరుగా పీహెచ్‌డీకి వెళితే వారే డబ్బు ఇస్తారా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి చదివిన ఈఈఈ, అక్కడి ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో ఒక భాగమే, శాఖ పేరు వల్ల అడ్డంకి రాదు. రెండు బ్యాక్‌లాగ్స్ కూడా దరఖాస్తును తిరస్కరించడానికి వాటంతట అవి కారణం కావు. అయితే ఏ సబ్జెక్టు ఎప్పుడు పాసయ్యాడో మార్కుల మెమోల ద్వారా తెలుస్తుంది గనుక, దాచే ప్రయత్నం మాత్రం చేయవద్దు. మార్కులను అమెరికాలో వాడే నాలుగు పాయింట్ల కొలమానంలోకి సొంతంగా మార్చి రాయడం కూడా వద్దు. వారు అడిగితే తప్ప, మెమోలో ఉన్నది ఉన్నట్టే ఇవ్వాలి.

డబ్బు విషయంలో మీరు అడిగినది చాలామందికి తట్టని ప్రశ్న. అమెరికాలో నాలుగేళ్ల బీటెక్‌తోనే నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయడానికి చాలా విభాగాలు అనుమతిస్తాయి. ప్రవేశం దొరికితే సాధారణంగా ట్యూషన్ ఫీజు మినహాయింపు, నెలవారీ భృతి లభిస్తాయి. ఎమ్మెస్ విద్యార్థులు ఎక్కువమంది సొంత ఖర్చుతోనే చదువుతారు. క్యాంపస్‌లో పని దొరికినా, సెమిస్టరు నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి చేయడానికి వీసా నిబంధనలు ఒప్పుకోవు. కానీ డబ్బు కోసమని పీహెచ్‌డీని ఎంచుకోవడం నేను సమర్థించను. ఐదారేళ్లు ఒకే సమస్య మీద పని చేయగలిగే ఆసక్తి ఉందో లేదో అబ్బాయినే అడగండి. ఉందంటే, నార్త్ కరోలినా స్టేట్‌లో 2008లో ఏర్పడిన ఫ్రీడమ్ పరిశోధన కేంద్రం, వర్జీనియా టెక్‌లోని పవర్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం నుంచి వెలువడిన పత్రాలు రెండు మూడు చదవమనండి. చదివాక ఏ ఆచార్యుడికి ఈమెయిల్ రాయాలో, ఏమని రాయాలో అతనికే తోస్తుంది. ‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి’ అంటూ వందమందికి ఒకే ఉత్తరం పంపితే జవాబు ఆశించవద్దు.

మరొక సంగతి: ఆర్థిక సహాయంతో సీటు ఇచ్చిన చోట తొందరపెట్టినా కంగారు పడనక్కర్లేదు. అమెరికాలోని గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి చేసిన తీర్మానంపై సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 దాకా విద్యార్థికి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. ఎమ్మెస్‌కే అప్పు చేయవలసి వస్తే, చదువు తరువాత 12 నెలలు, ఆపై సాంకేతిక కోర్సులవారికి మరో 24 నెలలు ఉద్యోగం చేసుకునే ఓపీటీ సౌకర్యాన్ని గ్యారంటీ ఆదాయంగా లెక్క వేయకండి. అది ప్రభుత్వ నిబంధన మీద ఆధారపడినది. ఉద్యోగం దొరకడం మరో సంగతి. ఇల్లు తనఖా పెట్టే ముందు, ఆ జీతం లేకుండా వాయిదా ఎలా కడతారో కాగితం మీద వేసి చూడండి.

ప్రశ్న: సిఫారసు లేఖ అడిగితే, ‘నువ్వే రాసుకుని రా, సంతకం పెడతాను’ అంటున్నారు మా హెచ్‌వోడీ. ఏం చేయాలి?
— ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ఇది మన కాలేజీల్లో పాతుకుపోయిన అలవాటు, ఆయన ఒక్కరి తప్పు కాదు. కానీ దరఖాస్తుకు కావలసిన మూడు లేఖలూ మీరే రాసి, అవి ఒకే గొంతుతో మాట్లాడితే చదివేవారు ఇట్టే పసిగడతారు. లేఖకు బదులు ఒక పేజీ వివరాలు ఇవ్వండి: ఆయన దగ్గర చదివిన కోర్సు, వచ్చిన గ్రేడు, ల్యాబ్‌లో జరిగిన ఒకటి రెండు సంఘటనలు. వాటిని చూసి ఆయనే రాయడం సులువవుతుంది. అప్పటికీ ఒప్పుకోకపోతే, హోదా చిన్నదైనా మీ ప్రాజెక్టును దగ్గరుండి చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను అడగండి. లేఖ కళాశాల ఈమెయిల్ నుంచే వెళ్లేలా చూడండి.

ప్రశ్న: ఈసీఈ చదివి మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మళ్లీ సర్క్యూట్ల వైపు రావాలని ఉంది. గేట్ రాయాలా, బయటికి వెళ్లాలా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రెండింటిలో ఒకటే ఎంచుకోవాలని లేదు, ఒకే ఏడాదిలో రెండు దారులూ తెరిచి ఉంచవచ్చు. అమెరికా దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి. గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీల సీట్లు కోప్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ వేదిక ద్వారా, ఎన్‌ఐటీలవి సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా వేసవిలో ఖరారవుతాయి కాబట్టి, అప్పటికి విదేశీ జవాబులు మీ చేతిలో ఉంటాయి. గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల భృతి వస్తుంది. ప్రస్తుత జీతంతో పోలిస్తే చిన్నదే అయినా అప్పు ఉండదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధన ఎమ్మెస్‌కు గేట్‌తో పని లేకుండా తన సొంత ప్రవేశ పరీక్ష నిర్వహిస్తుంది; దాన్నీ చూడండి.

జర్మనీ చవక అని విని ఉంటారు. ఫీజు చాలాచోట్ల లేదన్నది నిజమే గానీ, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాల సెమిస్టరు నుంచి యూరోపియన్ యూనియన్ వెలుపలి దేశాల కొత్త విద్యార్థుల నుంచి ఫీజు తీసుకుంటోంది. భారతీయులకు తమ చదువు పత్రాలు అసలైనవని తెలిపే ఏపీఎస్ ధ్రువపత్రం కూడా కావాలి. దానికి నెలలు పట్టవచ్చు కనుక ముందే మొదలుపెట్టాలి.

ఏ దారి అయినా, మూడేళ్ల విరామం గురించి అడుగుతారు. ఉద్యోగం మానకుండానే ఈ ఏడాది ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో అనలాగ్ సర్క్యూట్ల కోర్సు ఒకటి తీసుకుని, పరీక్ష కూడా రాయండి. గేట్ సిలబస్‌లో ఆ భాగం ఎలాగూ ఉంది.