టూలూజ్ నుంచి బోర్డోకు గరోన్ కాలువ గట్టు మీద: కార్లు లేని సైకిల్ దారి, నా అనుభవం

పారిస్‌లో ఉంటున్న మీ దంపతులిద్దరికీ కార్ల మధ్య సైకిల్ తొక్కాలంటే భయమనీ, ఫ్రాన్సు పల్లెల గుండా వాహనాలు లేని దారిలో వారం రోజులు ప్రయాణించాలని ఉందనీ, ఏ దారి ఎంచుకోవాలో, దేనికి సిద్ధపడి వెళ్లాలో చెప్పమనీ అడిగారు. నేను నైరుతి ఫ్రాన్సులోని టూలూజ్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. ఆ రోజుల్లో గరోన్ కాలువ వెంట బోర్డో దాకా ఒకసారి ఒంటరిగానూ, మరోసారి నా భార్యతోనూ వెళ్లాను. మీకు నేను నిస్సంకోచంగా సూచించే దారి అదే. వాహనాల భయం అక్కడ మొదటి గంటలోనే పోతుంది. ఆ తర్వాత మీరు ఆలోచించవలసినదల్లా తిండి, నీళ్లు, దుకాణాలు తెరిచి ఉండే వేళల గురించే.

కాలువ గట్లనూ, రైళ్లు ఆగిపోయిన పాత రైలు కట్టలనూ బాగుచేసి నడిచేవారికీ సైకిళ్లకూ వదిలిన దారులను అక్కడ ‘వ్వా వెర్త్’, అంటే పచ్చని దారి అంటారు. 2004లో ఈ పేరు వారి రోడ్డు నియమావళిలోకి చేరింది. మోటారు బండి దీని మీదకు రావడం చట్టరీత్యా నిషేధం. గరోన్ కాలువ టూలూజ్ నుంచి కాస్తె అనే ఊరి దాకా 193 కిలోమీటర్లు సాగుతుంది. దాని గట్టు మీది దారి దాదాపు అంతటా తారు వేసినదే. మధ్యలో పడవలను ఒక నీటిమట్టం నుంచి మరోదానికి ఎక్కించి దింపే 53 లాకులున్నాయి. కోనసీమలో ధవళేశ్వరం కాలువల పక్కన పెరిగినవాణ్ని కనుక, తలుపులు మూసుకుని నీళ్లు మెల్లగా పైకి లేస్తుంటే పడవ కదలకుండా ఎదురుచూసే దృశ్యం నాకు కొత్త కాదు. అయినా మొదటి రోజు ప్రతి లాకు దగ్గరా ఆగిపోయాను. పడవవాళ్లు నీటి మీద వేలాడే ఒక కర్రను చేత్తో తిప్పేవారు, ఆ సంకేతానికి లాకు తనంతట తానే పని మొదలుపెట్టేది.

ఎవరిని అడిగినా ముందుగా మిదీ కాలువ పేరే చెబుతారు. 17వ శతాబ్దపు ఆ కాలువ అందమైనదే. కానీ టూలూజ్ దాటి తూర్పుగా సుమారు 50 కిలోమీటర్లు మాత్రమే నునుపైన దారి ఉంటుంది, ఆ తర్వాత చాలాచోట్ల వేర్లు తేలిన ఇరుకైన మట్టిబాటే. పైగా 2006లో బయటపడిన ఒక శిలీంధ్ర వ్యాధి వల్ల దాని గట్ల మీద నీడనిచ్చే ప్లేన్ అనే పెద్ద చెట్లను వేల సంఖ్యలో నరికివేశారు, ఎండాకాలంలో కొన్ని భాగాల్లో నీడే లేదు. సంచులు కట్టిన సైకిళ్లతో మొదటిసారి వెళ్లేవారు అక్కడ మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. పడమటికి వెళ్లండి.

టూలూజ్ రైల్వేస్టేషన్ ముందే మిదీ కాలువ ఉంది, దాని వెంట కొంచెం పోతే గరోన్ కాలువ మొదలవుతుంది, కాబట్టి నగరంలో వెతుకులాట తక్కువే. మొదటి రోజు మోంటెష్ దాకా, అంటే 40 కిలోమీటర్లు దాటి, తొక్కితే చాలు. ఆ ఊళ్లో ఒక అపురూపమైన యంత్రం ఉంది. ఐదు లాకుల పని ఒక్కసారిగా చేయడానికి 1974లో కట్టిన ‘నీటి వాలు’ అది. ఏటవాలు కాంక్రీటు తొట్టెకు రెండు పక్కలా టైర్ల మీద నడిచే రెండు ఇంజన్లు కదులుతూ, పడవనూ దాని కింది నీటినీ కలిపి ఒక పెద్ద పలక సాయంతో ఎగువకు నెట్టేవి. ఇప్పుడది పనిచేయడం లేదు, కానీ ఒడ్డున నిలబడి ఆ టైర్ల ఎత్తు చూస్తే మనిషి ఎంత పట్టుదలతో నీటిని కొండెక్కించాడో అర్థమవుతుంది. మరునాడు మ్వాసాక్ చేరే ముందు కాలువ తార్న్ నది మీదుగా వంతెనెక్కి పోతుంది. కింద నది, పైన పడవలు, వాటి పక్కన మనం. మ్వాసాక్ మఠంలోని స్తంభాల వసారా 1100వ సంవత్సరం నాటిది. అక్కడ ఒక పూట కేటాయించండి, సెప్టెంబరులో వెళ్తే ఆ ఊరి తెల్లద్రాక్ష తప్పక కొనండి. అజాన్‌లో ఇలాంటిదే మరింత పెద్ద వంతెన ఉంది, 23 కమానులు, అర కిలోమీటరు పైచిలుకు పొడవు.

ఇక్కడొక సలహా. కాలువను అంటిపెట్టుకునే ఉండకండి. రెండు రోజులకే నీళ్లూ చెట్లూ ఒకే తీరుగా అనిపించి మనసు మొద్దుబారుతుంది, పైగా ఊళ్లు చాలావరకు గట్టుకు కొంచెం ఎడంగా, గుట్టల మీద ఉంటాయి. ఓవియార్ అనే ఊరికి మేము అలాగే చీలి వెళ్లాం. గుండ్రటి ధాన్యపు సంత మండపం, దాని వెనుక నుంచి గరోన్ లోయంతా కనిపించడం, గుట్ట ఎక్కడానికి పడ్డ శ్రమను మరిపించాయి. ల మాస్ దజెనె ఊరి చర్చిలో రెంబ్రాంట్ 1631లో చిత్రించిన సిలువ మీది క్రీస్తు ఉంది. అలాంటి చిత్రం అంత చిన్న ఊళ్లో ఉండటం నాకింకా ఆశ్చర్యమే. ఇలా చీలినప్పుడు జిల్లా రోడ్లు తగులుతాయి. వాటి పేర్లు ‘డీ’ అక్షరంతో మొదలవుతాయి. అంకె పెద్దదైన కొద్దీ సాధారణంగా రద్దీ తక్కువ. ఊరి బయట సైకిల్‌ను దాటే కారు ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలని చట్టం, చాలామంది ఇస్తారు కూడా.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు ఇబ్బంది అక్కడే వచ్చింది. చిన్న ఊళ్లలో దుకాణాలు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూస్తే మూడో నాలుగో అయితేగానీ తెరవరు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారమంతా చాలాచోట్ల తలుపులు తెరుచుకోవు. భోజనశాలలు మధ్యాహ్నం రెండు దాటాక వంట కట్టేస్తాయి. మా ఆవిడ శాకాహారి కనుక ఉదయం తొమ్మిదిలోపే బేకరీలో రొట్టె, జున్ను, టమాటాలు కొని సంచిలో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాం. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడిని ఆలివ్ నూనెతో కలిపి ఆ రొట్టెకు రాసుకుని, ప్లేన్ చెట్ల నీడలో తిన్న భోజనాలు నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తున్నాయి. నీళ్లకు ఒక ఉపాయం ఉంది. పల్లె శ్మశానవాటికల్లో పూల కోసం కుళాయి ఉంటుంది, సైకిల్ యాత్రికులు చాలామంది సీసాలు నింపుకునేది అక్కడే. తాగడానికి పనికిరాదని బోర్డు ఉంటే మాత్రం వదిలేయండి.

అద్దె సైకిల్ విషయంలో జాగ్రత్త. దమజాన్ అనే ఊరు దాటాక నా వెనుక చక్రంలో గాలి పోయింది. విప్పి చూస్తే లోపల సన్నని ముల్లు. ట్యూబ్ మారుద్దామని దుకాణంవాళ్లు ఇచ్చిన కొత్తది తీస్తే దాని వాల్వు లావుది. చక్రానికున్న రంధ్రం సన్నవాల్వుకు చేసినది, కనుక అది దూరనే దూరదు. అతుకు వేసే సామాను వాళ్లు ఇవ్వలేదు, నేను అడగలేదు. సైకిల్‌ను నడిపించుకుంటూ గంటకు పైగా వెళ్లాం, చేరిన ఊళ్లో ఉన్న ఒక్క దుకాణమూ సోమవారం కావడంతో మూసి ఉంది. చివరికి ఎదురొచ్చిన డచ్ దంపతులు తమ ట్యూబ్ ఒకటి ఇచ్చి, డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయారు. కనుక సైకిళ్లు తీసుకునేటప్పుడే ట్యూబ్ వాల్వును రంధ్రంలో దూర్చి చూడండి, పంపు దానికి సరిపోతుందో లేదో గాలి కొట్టి చూడండి. బ్రేకులు కూడా అక్కడే నొక్కి చూసుకోండి. మన దేశంలో సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, అక్కడ ఎడమచేతిది. కంగారులో అలవాటు చొప్పున నొక్కితే ముందుకు పడతాం. ప్లేన్ చెట్ల వేర్లు తారును అక్కడక్కడా ఉబ్బించాయి, అందుకే కొంచెం వెడల్పు టైర్లు అడగండి.

అలసిపోయినా దిగులు పడనక్కర్లేదు. కాలువకు సమాంతరంగానే టూలూజ్–బోర్డో రైలుమార్గం ఉంది. మ్వాసాక్, అజాన్, మార్మాండ్‌లలో ప్రాంతీయ రైలెక్కి సైకిళ్లతో సహా ముందుకు వెళ్లవచ్చు. మేము వానపడ్డ ఒక రోజు అలాగే చేశాం. కాస్తె దాటాక కొన్ని చిన్న రోడ్ల మీదుగా సోవ్‌తెర్ చేరితే, అక్కడి నుంచి బోర్డో దాకా 50 కిలోమీటర్లకు పైగా పాత రైలు కట్ట మీద మరో పచ్చని దారి ఉంది. 1937లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన ‘రోజే లాపెబీ’ అనే ఆటగాడి పేరు దానికి పెట్టారు. ద్రాక్షతోటల మధ్య, పాత స్టేషన్ల పక్కగా, ఒక సొరంగం గుండా పోయే ఆ చివరి రోజు కోసం ఒంట్లో కొంచెం సత్తువ దాచుకోండి, అది కాలువలా చదునుగా ఉండదు.

మే నెలాఖరు, జూన్, సెప్టెంబరు మంచి కాలం. జూలై, ఆగస్టుల ఎండకు మధ్యాహ్నాలు వృథా అవుతాయి. రోజుకు సుమారు 40 కిలోమీటర్లు చాలు. బయలుదేరే ముందు ఏదైనా ఆదివారం, ప్రయాణంలో మోయబోయే సంచులన్నీ కట్టుకుని, మీ పారిస్‌లోనే లా విలెత్ దగ్గర ఊర్క్ కాలువ గట్టెక్కి క్లే-సుయి ఊరి వైపు కొంత దూరం వెళ్లి రండి. అదీ కార్లు లేని దారే. ఎంత బరువు తగ్గించుకోవాలో ఆ ఒక్క రోజులోనే మీకు తెలిసిపోతుంది.