జూలై సెలవుల్లో పిల్లలతో కల్గూర్లీ వైపు బంగారం వెతకడానికి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

పెర్త్ నుంచి కారులో వెళ్లి, పిల్లలిద్దరితో వారం రోజులు అడవిలో గడుపుదామనుకుంటున్నాం, ముందు ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి అని అడిగారు. డిటెక్టర్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు మీ పెద్దవాళ్లిద్దరూ విడివిడిగా మైనర్స్ రైట్ తీసుకోండి, అంటే ఖనిజాలు వెతుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో అది ఒక్కసారి కొద్దిపాటి రుసుము కడితే జీవితాంతం పనికొస్తుంది.

అది చేతిలో ఉంటే ఎక్కడైనా తవ్వొచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ మొదటి ఏడాది అలాగే అనుకున్నాను. కూల్‌గార్డీ దాటాక ఎర్రనేల, తెల్ల క్వార్ట్జ్ రాళ్లు కనిపించేసరికి ఆగి టెంట్ వేసేశాం. మర్నాడు పొద్దున్నే ఒకాయన యూట్‌లో (వెనక ట్రే ఉండే బండి) వచ్చి, ఇది మా లీజు, మీరు పర్మిషన్ తీసుకున్నారా అని అడిగారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కానీ పిల్లల ముందు అన్నీ సర్దుకుని బయల్దేరాల్సి రావడం నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి ఇంట్లో కూర్చుని గనుల శాఖవారి టెన్‌గ్రాఫ్ మ్యాపులో ఏ ముక్క ఎవరిదో చూసుకోకుండా కారు తీయలేదు. మైనింగ్ లీజు అయితే లీజుదారు అనుమతి ఉండాలి. ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ ఉన్న నేల, అంటే ఖనిజం ఉందో లేదో వెతకడానికి వేరేవాళ్లకు ఇచ్చిన నేల అయితే మూడు నెలల పర్మిట్ ఇస్తారు, దాన్ని 40ఈ అంటారు. పశువుల స్టేషన్ (పశువులను పెంచే పెద్ద క్షేత్రం) భూమి అయితే ముందే ఫోన్ చేసి చెప్పండి. గేటు మూసి ఉంటే మూసే వెళ్లండి, తెరిచి ఉంటే తెరిచే వదిలేయండి. ఆదివాసుల రిజర్వులకు పర్మిట్ వేరే ఉంటుంది. నా సలహా ఏంటంటే, వారానికి రెండే చోట్లు ఎంచుకోండి. ఐదారు చోట్లు పెట్టుకుంటే ప్రయాణంతోనే సరిపోతుంది.

జూలై అక్కడ చలికాలం, మంచి సమయం. ఎండాకాలంలో అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, పిల్లలతో అస్సలు వద్దు. చలికాలం రాత్రి మాత్రం సున్నా దగ్గరికి దిగుతుంది, మందపాటి రగ్గులు పెట్టుకోండి.

పెర్త్ నుంచి కల్గూర్లీ సుమారు 600 కిలోమీటర్లు. దారి పొడవునా రోడ్డు పక్కన పెద్ద ఇనుప పైపు కనిపిస్తుంది, పిల్లలకు తప్పకుండా చూపించండి. 1892లో కూల్‌గార్డీలో, 1893లో కల్గూర్లీలో బంగారం బయటపడి జనం పోటెత్తారు గానీ తాగడానికి నీళ్లు లేవు. 1903లో మండేరింగ్ డ్యామ్ నుంచి 530 కిలోమీటర్లు ఆ పైపు వేసి నీళ్లు తెచ్చారు. ఇప్పటికీ ఊరు దాటి అడవిలోకి వెళ్తే నీటి చుక్క దొరకదు. తాగడానికి మనిషికి రోజుకి 5 లీటర్లు లెక్క వేసుకోండి. మూడు రోజులకోసారి ఊళ్లోకి వచ్చి నింపుకున్నా, ఎక్కడైనా ఇరుక్కుపోతే అన్నట్టు మరో రెండు రోజులకు కలిపి మీ నలుగురికి 100 లీటర్లు. అంతా ఒకే ట్యాంకులో పోయకండి. మాకోసారి గతుకుల్లో ఒక క్యాన్ అడుగు చీలి కారంతా తడిసింది, మిగతా నాలుగూ ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడలేదు.

ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. పీఎల్‌బీ (ఆపదలో శాటిలైట్ ద్వారా మన జాడ తెలిపే చిన్న పరికరం) ఒకటి కొని రిజిస్టర్ చేయించండి, రిజిస్ట్రేషన్ ఉచితమే. రోజూ ఎక్కడ ఉంటారో, ఎప్పుడు ఫోన్ చేస్తారో పెర్త్‌లో ఒకరికి రాసి ఇవ్వండి. కారు ఆగిపోతే కారు దగ్గరే ఉండండి. మసక పడ్డాక డ్రైవింగ్ వద్దు, కంగారూలు అప్పుడే రోడ్డెక్కుతాయి.

అన్నిటికన్నా నాకు భయం పాత గనుల గోతులు. వందేళ్ల కిందటి షాఫ్టులు పొదల మధ్య అలాగే ఉంటాయి, అంచున మట్టి గుల్లగా ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని నేల చూస్తూ నడిచేవాడికి అవి కనిపించవు. పిల్లల్ని చెయ్యి వదలకండి.

ఇక డిటెక్టర్. మొదటిసారికి కొనకండి, కల్గూర్లీలో అద్దెకు తీసుకుని, ఆ షాపువాళ్ల దగ్గరే ఒక గంట నేర్చుకోండి. ఆ నేలలో ఇనుము ఎక్కువ, మామూలు డిటెక్టర్ ఊరికే అరుస్తుంది. మాది తుగ్గలి వైపు పల్లె. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి నడవడం చూస్తూ పెరిగాను. అక్కడ కళ్లతో వెతుకుతాం, ఇక్కడ చెవులతో. హెడ్‌ఫోన్‌లో సన్నటి హోరు ఒకే శ్రుతిలో వస్తుంటుంది, అది కాస్త వంగినా ఆగాలి. జానెడు తవ్వి, మట్టిని ప్లాస్టిక్ స్కూప్‌లోకి తీసి కాయిల్ (డిటెక్టర్ కింది గుండ్రటి పళ్లెం) మీద ఆడించాలి. మోగితే సగం పారబోసి మళ్లీ ఆడించాలి. అలా తగ్గిస్తూ పోతే చివరికి అరచేతిలో చిటికెడు మట్టి మిగులుతుంది. చాలాసార్లు అది సీసపు గుండో, తుప్పు మేకో. నాలుగో రోజు మా పాప చేతిలో మిగిలింది మాత్రం బంగారం. పెసరగింజంత కూడా లేదు, 0.3 గ్రాములు. తవ్విన ప్రతి గుంటా పూడ్చాకే ముందుకు కదలాలని దానికి నేర్పాను, ఆ రోజు గుంట కూడా అదే పూడ్చింది.

మీ కారు ఏదో, టెంటా కారవానా అన్నది రాయండి. దాన్ని బట్టి కూల్‌గార్డీ చుట్టుపక్కలే సరిపోతుందా, ఉత్తరాన మెంజీస్ దాకా పోవచ్చా చెప్తాను.