ప్రచారం చూసి జనం నిజంగా ఓటు మారుస్తారా?

‘పార్టీల ప్రచారానికి జనం మనసు మారుతుందా, ముందే అనుకున్నవాళ్లకే వేస్తారా?’ అని అడిగారు. మాది గుంటూరు. మా ఇంట్లో రెండు ఎన్నికల్లో చూసింది చెబుతాను.

2019లో మా అమ్మ డ్వాక్రా ఖాతాలో, అప్పటి టీడీపీ ప్రభుత్వం ఇచ్చిన పసుపు-కుంకుమ పథకం కింద మూడు విడతల్లో 10,000 రూపాయలు పడ్డాయి. చివరి విడత సరిగ్గా పోలింగ్ ముందు, ఏప్రిల్‌లో. అమ్మ ఆ డబ్బు వాడుకుంది, ఓటు మాత్రం ‘ఒక్క ఛాన్స్’ అన్న వైసీపీకే వేసింది. ‘ఇన్నాళ్లూ గుర్తురాని వాళ్లం ఓట్లప్పుడే గుర్తొచ్చామా?’ అంది. ఆ ఎన్నికల్లో టీడీపీకి 175లో 23 సీట్లే వచ్చాయి.

2024లో నాన్న వంతు. తెనాలి దగ్గర మాకు ఎకరన్నర మాగాణి ఉంది. అప్పటి వైసీపీ ప్రభుత్వం తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ (భూమి హక్కుల) చట్టంతో పొలాలు పోతాయని ఫోన్లో రికార్డు చేసిన గొంతు, వీధిలో మైకు, వాట్సాప్‌లో వీడియోలు. వీటన్నిటికంటే, పక్క చేను రైతు గట్టు మీద కూర్చుని చెప్పిన మాట నాన్నకు బాగా పట్టింది. నేను చట్టం తీసుకెళ్లి చదివి వినిపించాను. హక్కు తగాదాలకు సివిల్ కోర్టు దారి మూసేయడం నిజంగా ఆలోచించాల్సిన విషయమే అనిపించింది. పొలం లాక్కుంటారని మాత్రం అందులో ఎక్కడా లేదు. నాన్న అంతా విని, బీరువాలోంచి పొలం పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. అట్ట మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఫొటో.

‘మా నాన్న ఇచ్చిన పొలానికి ఈయన బొమ్మ ఎందుకు అమ్మాయ్?’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

అందుకే నేననేది, ప్రచారం లేని అభిప్రాయాన్ని పుట్టించలేదు. మనిషిలో అప్పటికే ఉన్న అనుమానానికి ఒక మాట అందిస్తుంది. ఆ మాటకు ఇంట్లోనే రుజువు దొరికితే ఇక తిరుగుండదు. అమ్మ విషయంలో దొరికిన రుజువు పథకం ఇచ్చినవాళ్లకే ఎదురు తిరిగింది.

అయితే ఊరంతా మారిపోతుందనుకోకండి. 151 సీట్ల నుంచి 11కి పడిన వైసీపీకి కూడా 2024లో 39 శాతం పైనే ఓట్లొచ్చాయి. 2019తో పోలిస్తే జారింది దాదాపు పది శాతం. మా నాన్న ఆ పది శాతంలో మనిషి.

ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడాలనుకుంటే పోలింగ్ నెలదాకా ఆగకండి. నేను ఆగాను. నేను చట్టం పట్టుకెళ్లేసరికే నాన్న ఆ గట్టు మీది మాట చాలా రోజులుగా వింటున్నాడు.