వాలంటీర్లను కూడగట్టడం ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీకాం పూర్తి చేసింది. చదువుతూనే రెండేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో, అంధ విద్యార్థుల పరీక్షలకు స్క్రైబ్‌లను (వాళ్లు చెప్పే జవాబులు రాసిపెట్టేవాళ్లను) వెతికిపెట్టే పని చేస్తోంది. ఇప్పుడు వాళ్లే నెలకు 20 వేల జీతంతో వాలంటీర్ కోఆర్డినేటర్‌గా చేరమన్నారు. చేరతానని, తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతానని అంటోంది. నేను ఎంబీఏ హెచ్‌ఆర్ చేయమంటున్నాను. నలుగురికి ఫోన్ చేసి రమ్మనడం కూడా ఒక ఉద్యోగమేనా సార్? ఏది మంచిది? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అడిగేది కోర్సు గురించే అయినా, అసలు బెంగ వేరే ఉంటుంది: ‘అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి?’ ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

నలుగురికి ఫోన్ చేయడం అని తేలిగ్గా తీసేశారు. డిగ్రీ పరీక్ష రాసే అంధ విద్యార్థి తన స్క్రైబ్‌ను తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఇంటర్ పిల్లలు కావాలి. వాళ్లకేమో కాలేజీ, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కోచింగ్. వాళ్ల తల్లిదండ్రులను ఒప్పించాలి. తెలుగు మీడియం పేపరైతే తెలుగు తప్పుల్లేకుండా రాసేవాళ్లే దొరకాలి. తప్పకుండా వస్తానన్నవాళ్లు పరీక్ష రోజు పొద్దున్నే ‘జ్వరం అక్కా’ అని మెసేజ్ పెడతారు. అక్కడ సెంటర్ గేటు దగ్గర హాల్‌టికెట్ పట్టుకుని ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. ఆ అరగంటలో ఇంకొకరిని పంపగలగాలంటే ముందే అదనంగా ఇద్దరిని సిద్ధంగా ఉంచుకుని ఉండాలి. మీ అమ్మాయి రెండేళ్లుగా చేస్తున్నది ఈ పనే.

కాస్త కటువుగా అంటున్నాను, ఏమనుకోకండి. జీతం లేకుండా చేసినన్నాళ్లూ మీకు అభ్యంతరం లేదు. జీతం ఇస్తామనగానే అది చిన్న పని ఎలా అయింది?

ఇక ఎంబీఏ హెచ్‌ఆర్. నా అనుమానం అంతా దీని మీదే. పేరున్న కాలేజీలో సీటు వస్తే ఆ లెక్క వేరు. మామూలు కాలేజీలో లక్షలు పోసి చదివిన పిల్లల్ని ఏటా చూస్తున్నాను. చాలామందికి మొదట దొరికేది కన్సల్టెన్సీలో రిక్రూటర్ ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెజ్యూమేలు చూసి, ఫోన్లు చేసి, ‘ఇంటర్వ్యూకి వస్తున్నారా అండీ’ అని అడగడం. మీరు వద్దంటున్న పనే కదా ఇది! కాకపోతే అక్కడ జీతం ఆశ చూపించి పిలుస్తారు. ఏ ఆశా చూపకుండా మనుషుల్ని రప్పించడం మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చు.

ఎంఎస్‌డబ్ల్యూ మంచి చదువే. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఉంది, 1936 నాటి టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కూడా సోషల్ వర్క్ పీజీ ఉంది. కంపెనీలు సామాజిక సేవకు డబ్బు ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ విభాగాల్లోకీ దారి ఉంటుంది. కానీ తొందరేమీ లేదు. ఒక ఏడాది ఉద్యోగం చేశాక వెళితే క్లాసులో చెప్పేది బాగా ఎక్కుతుంది.

చేరేముందు మాత్రం ఒకటి అడగమనండి: నా జీతం ఏ నిధుల్లోంచి, ఎన్ని నెలలకు? స్వచ్ఛంద సంస్థలకు వచ్చే విదేశీ విరాళాల్లో జీతాల్లాంటి పరిపాలన ఖర్చుల పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20కి తగ్గించారు. ప్రాజెక్టు అయిపోగానే ఉద్యోగమూ పోయిన పిల్లలున్నారు. అందుకే జవాబు నోటిమాటగా కాదు, ఆఫర్ లెటర్‌లోనే ఉండాలి. పీఎఫ్ సంగతి కూడా అందులోనే రాయించుకోవాలి.

పెళ్లి సంబంధాల టెన్షన్ కూడా మీకు ఉండే ఉంటుంది. అడిగినవాళ్లకు ‘మా అమ్మాయి ఉద్యోగం చేస్తోంది’ అని చెప్పండి. అది నిజమే కదా. ఈసారి పరీక్షల సీజన్‌లో వీలు చూసుకుని హైదరాబాద్ వచ్చి, ఒక రోజు పొద్దున్నే అమ్మాయితో పాటు సెంటర్ దాకా వెళ్లండి. చూశాక మళ్లీ నాకు రాయండి.