గొడ్డు, పంది మాంసం తినని వారికి అమెరికా బార్బెక్యూ

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటున్నాడు. ఈ వేసవిలో నేనూ మా వారూ అక్కడికి వెళ్తున్నాం. విశాఖలో టేబుల్ మధ్యన నిప్పులు పెట్టి శీకులు వడ్డించే బార్బెక్యూ హోటళ్లకు అప్పుడప్పుడు వెళ్తూనే ఉంటాం. అమెరికా బార్బెక్యూ దీనికి పూర్తిగా వేరని అబ్బాయి అంటున్నాడు. మేము గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టము. మాకు అక్కడ తినదగినది ఏమైనా దొరుకుతుందా? ఏయే హోటళ్లకు వెళ్లమంటారు?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ. మన ఊళ్లో బార్బెక్యూ నేషన్ వంటి చోట్ల మీరు తినేది మసాలా పట్టించిన చిన్న ముక్కలను శీకులకు గుచ్చి, నేరుగా సెగ మీద కొద్ది నిమిషాల్లో కాల్చినది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బార్బెక్యూ అంటే, మాంసాన్ని పెద్ద తుండంగానే ఉంచి, నిప్పుకు దూరంగా, మూత వేసిన పొయ్యిలో, 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో, కట్టెల పొగకు గంటల తరబడి మగ్గబెట్టడం. పశువు బాగా కదిలించే భాగాల్లో మాంసం గట్టిగా, పీచుగా ఉంటుంది. ఆ పీచును పట్టి ఉంచే కొలాజెన్ నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారితే తప్ప అది మెత్తబడదు కనుక, లోపలి వేడి 90 డిగ్రీలు దాటే దాకా వంటవాడు ఓపిక పట్టక తప్పదు. గొడ్డు రొమ్ము మాంసమైన బ్రిస్కెట్‌కు 12 గంటలు పట్టడం అక్కడ మామూలు విషయం.

డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రానికి పేరు తెచ్చింది ఆ బ్రిస్కెట్టే. అంతమాత్రాన మీరు నిరాశ పడనవసరం లేదు. డాలస్ నుంచి కారులో సుమారు మూడు గంటల దూరంలో ఆస్టిన్ ఉంది. అక్కడి ఫ్రాంక్లిన్ బార్బెక్యూ 2009లో ఒక ట్రెయిలర్‌లో మొదలైంది. 2015లో దాని వంటవాడు ఆరన్ ఫ్రాంక్లిన్‌కు, అమెరికాలో వంటవాళ్లకిచ్చే పేరున్న జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. పగలు 11 గంటలకు తెరిచే ఆ హోటల్ ముందు పొద్దున్నుంచే జనం బారులు తీరి ఉంటారు. అందరూ బ్రిస్కెట్ కోసం నిలబడినా, మీరు టర్కీ కోడి రొమ్ము అడగండి. ఆ పక్షి మాంసం ఎండిపోయినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. పొగలో సరిగ్గా మగ్గినది తింటే ఆ అభిప్రాయం నిలవదు. ఆస్టిన్ దాకా వెళ్లిన వారు అక్కడికి 50 కిలోమీటర్ల దూరంలోని లాక్‌హార్ట్ పట్టణాన్ని కూడా చూసి రావాలి. 1932లో మొదలైన బ్లాక్స్ బార్బెక్యూ ఆ ఊళ్లోనే ఉంది.

నన్నడిగితే, ఆంధ్రుల నాలుకకు అన్నిటికంటే దగ్గరైనది టెక్సాస్‌లో లేదు. కెంటకీ రాష్ట్రంలోని ఓవెన్స్‌బరో పట్టణంలో ముదురు గొర్రె మాంసాన్ని పొగలో వండుతారు. బార్బెక్యూకు గొర్రెను ఇంతగా ఆదరించిన ఊరు అమెరికాలో మరొకటి కనబడదు. 1963 నుంచి నడుస్తున్న మూన్‌లైట్ బార్‌బీక్యూ ఇన్‌లో ఆ మాంసం బఫేలోనే ఉంటుంది. దానికి పులుపూ ఘాటూ కలిసిన నల్లటి పలుచని రసం తోడు. డాలస్ నుంచి చాలా దూరమే అయినా, ఆ వైపు బంధువులుంటే వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. అలబామాలోని డికేటర్‌లో 1925 నాటి బిగ్ బాబ్ గిబ్సన్ హోటల్ కోడికి ప్రసిద్ధి. పొగలో వండిన కోడిని మయొనైజ్, వెనిగర్, మిరియాలు కలిపిన తెల్లని సాస్‌లో ముంచి ఇస్తారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పక్కన వడ్డించే పదార్థాల్లోనే అసలు చిక్కు ఉంది. బేక్డ్ బీన్స్‌లో పంది మాంసమో బ్రిస్కెట్ ముక్కలో కలుపుతారు, ఆకుకూరలను చాలా చోట్ల పంది మాంసంతో ఉడికిస్తారు, సాసేజ్‌లు ఎక్కువగా గొడ్డు లేదా పంది మాంసంతో చేసినవే. ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి; అడిగితే ఎవరూ నొచ్చుకోరు. సన్నగా తరిగిన క్యాబేజీతో చేసే కోల్‌స్లాకు సాధారణంగా ఈ ఇబ్బంది లేదు.

ఇక అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4న మీరు అక్కడే ఉంటే, ఏ హోటల్‌కూ వెళ్లకండి. ఆ రోజు ఇంటి పెరట్లోనో పార్కులోనో గ్రిల్ వెలిగించి నలుగురూ కలిసి తినే కుక్‌అవుట్‌లోనే ఆ దేశపు తిండి సరదా తెలుస్తుంది. హాంబర్గర్ గొడ్డు మాంసంతోనూ, హాట్‌డాగ్ గొడ్డు లేదా పంది మాంసంతోనూ చేసినవే ఎక్కువ కాబట్టి, కోడి కాళ్లు, మొక్కజొన్న పొత్తులు మీ వంతుగా తీసుకువెళ్లండి. మన బీచ్ రోడ్డు మీద కాల్చినట్టే కాల్చి, వెన్నకు బదులు నిమ్మచెక్కతో ఉప్పూ కారం రాసి ఇస్తే, పక్కింటి అమెరికన్లు కూడా మరొకటి అడుగుతారు.

ప్రశ్న: విశాఖలో మా డాబా మీద అలాంటి పొగ వంట చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మూత ఉన్న బొగ్గుల గ్రిల్ ఒకటి ఉంటే చేసుకోవచ్చు. బొగ్గులన్నీ ఒక పక్కకు తోసి, కోడి కాళ్లను రెండో పక్కన పెట్టి, నిప్పు మీద ఎండిన మామిడి కట్టె ముక్క ఒకటి వేసి మూత పెట్టండి. రంగు పూసిన చెక్క, పాత ఫర్నిచర్ ముక్కలు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. కోడి లోపలి వేడి 74 డిగ్రీలకు చేరిందని థర్మామీటర్‌తో చూసుకున్నాకే దించండి. బయట రంగు చూసి నిర్ణయిస్తే ఎముక దగ్గర పచ్చిగా మిగిలిపోవచ్చు.