మినిట్స్ దిద్దే దగ్గర గొడవ వస్తే: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజ్, దాంతోపాటు మినిట్స్ పుస్తకం (మీటింగులో జరిగింది రాసి పెట్టే పుస్తకం) ఫోటోలు చూశాను. నీటి సంఘం పోయిన మీటింగులో దాళ్వా (రబీ పంట) నీటి వంతుల గురించి నువ్వు "శివారు భూములకు ముందుగా నీరు ఇవ్వాలి" అని రాశావు. ఎగువ రైతులేమో "ముందుగా అని మేం ఒప్పుకోలేదు, వీలైనంత వరకు అన్నాం, దిద్దండి" అంటున్నారు. కాలువ చివర పొలాలున్న శివారు వాళ్లు ఒక్క అక్షరం మారినా ఊరుకోమంటున్నారు. మధ్యలో ప్రెసిడెంటు గారు "నువ్వే ఏదో ఒకటి సర్ది రాసెయ్యమ్మా" అన్నారని రాశావు. ఆ ఒక్క మాట మాత్రం వినకు. మిగతాదంతా నలుగురూ కూర్చుంటే తేలిపోతుంది.

ఒక మాట కోసం ఇంత గొడవేమిటని నీకు విసుగొచ్చినట్టుంది. వాళ్లని తప్పుపట్టకు. సార్వాలో, అంటే వానాకాలం పంటకి, గోదావరి నిండుగా ఉంటుంది కాబట్టి అప్పుడు నీ మినిట్స్ ఎవరూ తిరగేయరు. దాళ్వా అలా కాదు. నది సన్నబడి, పైన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల కోసం ధవళేశ్వరం బ్యారేజీ వైపు చూసే రోజులవి. వరి పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్లు అందకపోతే శివారు రైతుకి మిగిలేది గింజలేని తాలే. ఎగువ రైతుకీ భయం ఉంటుంది. కాలువ తూము తలుపు దించేశాక మళ్లీ ఎప్పుడు ఎత్తుతారోనని రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగేవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. పైగా 1997లో వచ్చిన రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం వంతుల పట్టిక తయారుచేసి అమలు జరిపే బాధ్యతను నీటి సంఘానికే ఇచ్చింది. కాబట్టి నువ్వు రాసిన వాక్యాన్ని రేపు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు చూస్తారు, కాలువ చూసుకునే లష్కరు చూస్తాడు, తగువు ముదిరితే ఇంకా పైవాళ్లు కూడా చూస్తారు. ఆ వాక్యం కోసం వాళ్లు పట్టుబట్టడం న్యాయమే.

ఇక అసలు విషయం. మినిట్స్ దిద్దమని ఎవరు అడిగినా నువ్వు చూసుకోవాల్సింది ఒకటే. ఆ రోజు జరిగింది జరిగినట్టు రాసి ఉందా, లేదా? తీర్మానం మంచిదా చెడ్డదా, ఎవరికి నష్టం, ఎవరికి లాభం అన్నవి దిద్దుబాటు దగ్గర రాకూడదు. "నేను అలా అనలేదు", "నా పేరు రాయలేదు", "పదిహేనో తేదీ అనుకుంటే పాతిక అని పడింది": ఇవి దిద్దుబాట్లు. "అలా తీర్మానించడం తప్పు", "ఇంటికెళ్లి ఆలోచిస్తే నాకు నచ్చలేదు": ఇవి దిద్దుబాట్లు కావు. అలాంటి వాళ్ల నోరు నొక్కాల్సిన పని లేదు. "బాబాయ్ గారూ, అది కొత్త అంశంగా అజెండాలో పెడతాను, మీరే ప్రతిపాదించండి, కొత్త తీర్మానం చేసుకుందాం" అని చెప్పు. తీర్మానం మార్చుకునే హక్కు సంఘానికి ఎప్పుడూ ఉంటుంది. పాత మీటింగులోనే అలా అనుకున్నట్టు వెనక్కి వెళ్లి రాసే హక్కు మాత్రం ఎవరికీ లేదు, ప్రెసిడెంటు గారికి కూడా.

నీ ఫోటోలు చూశాక నాకొక అనుమానం వచ్చింది. బహుశా ఆ రోజు మాట తేలకుండానే లేచిపోయి ఉంటారు. ఒకరు "ముందుగా" అని ఉంటారు, ఇంకొకరు "సరే, వీలైనంత వరకు" అని ఉంటారు. టీలు వచ్చేశాయి, అందరూ తలూపారు, ఎవరికి నచ్చిన మాట వాళ్లు మనసులో పెట్టుకుని ఇంటికెళ్లారు. మన మీటింగుల్లో ఇది చాలా మామూలు. అదే జరిగి ఉంటే రెండు పక్షాలూ నిజమే చెబుతున్నట్టు. అప్పుడు ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాస్తే ఎవరో ఒకరికి అన్యాయం చేసినట్టే. నీ చిత్తుకాగితం ముందు పెట్టుకుని నిజాయితీగా చూడు. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు అన్నది అందులో లేకపోతే, వచ్చే మీటింగులో అందరి ఆమోదంతో "ఈ అంశంపై చర్చ జరిగినది, తుది నిర్ణయం కాలేదు" అని దిద్దుబాటు రాయించు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ వెంటనే వంతుల మీద కొత్త తీర్మానం పెట్టించు.

ఆ కొత్త తీర్మానంలో "ముందుగా" అనే మాట వద్దు, "వీలైనంత వరకు" అనే మాట అసలే వద్దు. ఏ తూము, ఏ తేదీ ఉదయం నుంచి ఏ తేదీ సాయంత్రం వరకు, తలుపు దించే బాధ్యత ఎవరిది, పైనుంచి నీళ్లు తగ్గితే ఎవరి వంతులో కోత పడుతుంది: ఇవి రాయి. ఇలా విడమరిచి రాయమంటే మీటింగు ఇంకో గంట సాగుతుంది. సాగనీ. ఆ గంట గట్టు మీద పోట్లాడే కంటే సంఘం గదిలో పోట్లాడుకోవడం మేలు.

నిజంగానే ఓ మాట తేలి ఉండి, ఇప్పుడు జ్ఞాపకాల్లో తేడా వచ్చి ఉంటే దారి వేరు. వచ్చే మీటింగులో మొదటి అంశంగా పాత మినిట్స్ మొత్తం గట్టిగా చదువు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఏ వాక్యం, దాని బదులు ఏముండాలి అన్నది వాళ్ల నోటితోనే చెప్పాలి. "ఆ పేజీ అంతా తప్పే" అంటే ఒప్పుకోకు. ఆ రోజు ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరిగా అడుగు. ఆ రోజు రానివాళ్లు ప్రశ్నలు అడగొచ్చు గానీ, జరిగిందేమిటో సాక్ష్యం చెప్పడం కుదరదు. తేలకపోతే చేతులెత్తించు. ఎంతమంది అవునన్నారో, ఎంతమంది కాదన్నారో రాయి. ఓడినవాళ్లు తమ అసమ్మతి రాయమంటే పేరుతో సహా రాయి. మన పెద్దవాళ్లకి ఈ అసమ్మతి అనే మాటంటే అనవసరంగా భయం. సంఘంలో చీలిక వచ్చినట్టు ఉంటుందని ప్రతిదాని కిందా "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాయించేస్తారు. కాదన్నవాడి మాటకి పుస్తకంలో రెండు లైన్లు చోటిస్తే అతను సగం చల్లబడతాడు. చోటివ్వకపోతే ఆ కోపం పొలాలకి నీళ్లు తెచ్చే బోదె దగ్గర బయటపడుతుంది.

దిద్దే పద్ధతి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. తప్పు మాట కింద ఏముందో కనిపించేలా ఒకే గీత కొట్టి, పైన సరైన మాట రాసి, పక్కన అధ్యక్షుల పొట్టి సంతకం, తేదీ వేయించు. ఇది చిన్న తప్పులకి. ఒకసారి ఆమోదించి సంతకం పెట్టిన పేజీని ముట్టుకోవద్దు. దానిలో తప్పు తేలితే కొత్త మీటింగు పేజీలో "ఫలానా తేదీ, ఫలానా నంబరు తీర్మానంలో ఇలా ఉన్నదాన్ని ఇలా చదువుకోవాలి" అని రాయాలి. పేజీలకి ముందే నంబర్లు వేసి పెట్టు. వైట్‌నర్‌ని ఆ పుస్తకం దగ్గరకి రానివ్వకు.

దీని మీద నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1996 నవంబరు 6 తుపాను గుర్తుందా? నువ్వు చిన్నదానివి. కోనసీమలో కొబ్బరి తోటలు నేలకూలాయి. ఆ తర్వాత సాయం ఎవరికి ఏ వరసలో పంచాలో తేల్చడానికి ఒక కమిటీ కూర్చుంది, అందులో నేనూ ఉన్నాను. వరస నిర్ణయించుకున్నాం, రాశారు, సంతకాలయ్యాయి. కొన్నాళ్లకి ఆ పేజీలో ఒక పేరు వేరే సిరాతో కనిపించింది. రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాశారు, ఆ కుటుంబానికి నిజంగానే ఇల్లు పోయింది. మమ్మల్ని అడిగితే అందరం ఒప్పుకునేవాళ్లమే. అడగలేదు. ఆ రోజు నుంచి ఆ పుస్తకంలో నిజంగా రాసిన పేజీలను కూడా ఎవరూ నమ్మలేదు. చెప్పకుండా చేసిన దిద్దుబాటు గట్టులో ఎండ్రకాయ బొరియ లాంటిది, పడినప్పుడు కనబడదు, నీరు పెరిగాక గండి అవుతుంది. ఆ కమిటీలో ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు ఈనాటికీ ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లరు. అందుకే ప్రెసిడెంటు గారు "సర్ది రాసెయ్" అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

ఇంకో చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. మీటింగు మొదలవగానే ఖాళీ పేజీ మీద సంతకాలు పెట్టించుకుని, తీర్మానం తర్వాత తీరిగ్గా రాసుకోవడం. ఇంకా ఘోరం, రానివాళ్ల ఇంటికి పుస్తకం పంపి సంతకం తెప్పించుకోవడం. కోరం (కనీస హాజరు) కోసం చేస్తారు, తెలుసు. నువ్వు మాత్రం చేయకు. హాజరు సంతకాలు వేరే పేజీలో తీసుకో. తీర్మానం కింద సంతకం మాత్రం తీర్మానం రాసి, చదివి వినిపించాకే.

అసలు ఈ గొడవల్లో చాలావాటికి మందు ఆ చదివి వినిపించడమే. ప్రతి అంశం అవగానే ఒక్క నిమిషం ఆపమని అధ్యక్షుల్ని అడుగు. "అండీ, ఇలా రాస్తున్నాను, వినండి" అని పైకి చదువు. మొదట్లో విసుక్కుంటారు. "రాసుకో అమ్మా, మాకు తెలీదా" అంటారు. నువ్వు నవ్వుతూ మళ్లీ చదువు. అక్కడ నోరు విప్పి సరే అన్నవాళ్లు తర్వాతి నెలలో కాదనడం చాలా అరుదు. పుస్తకం చదువుకోలేని పెద్దవాళ్లకి కూడా తమ పేరు మీద ఏం రాస్తున్నారో తెలుసుకునే దారి అదొక్కటే. వాళ్ల కోసమైనా ఈ అలవాటు తప్పకుండా పెట్టుకో.

మీటింగయ్యాక ఆలస్యం చేయకు. కంపెనీలకైతే డైరెక్టర్ల మీటింగు మినిట్స్ చిత్తుప్రతిని 15 రోజుల్లోపు సభ్యులకి పంపాలని, వాళ్లు 7 రోజుల్లోపు అభ్యంతరాలు చెప్పాలని నియమం ఉంది. 30 రోజుల్లోపు పుస్తకంలోకి ఎక్కించాలి. 2013 కంపెనీల చట్టంలో మినిట్స్‌ని తారుమారు చేసినవాళ్లకి రెండేళ్ల వరకూ జైలు కూడా ఉంది. ఇవి మన నీటి సంఘానికి వర్తించవు. కానీ ఆ క్రమం మంచిది, మన వీలుకి తగ్గట్టు పెట్టుకోవచ్చు. అందరికీ మాటలు గుర్తున్నప్పుడే చిత్తుప్రతి చూపించాలి.

వాట్సాప్ గ్రూపులో చిత్తుప్రతి పెట్టడం వరకు సరే. దిద్దుబాట్లు మాత్రం అక్కడ తేల్చకు. రాత్రి పదింటికి ఒకరు ఏదో అంటారు, తెల్లారేసరికి నలభై మెసేజ్‌లు, అందులో సగం కులం మీదో, పార్టీ మీదో ఉంటాయి. "అభ్యంతరాలు నాకు విడిగా రాసి ఇవ్వండి, మీటింగులో చదువుతాను" అని ఒకే మాట పెట్టి ఆపేయ్. ఎవరైనా మీటింగుని ఫోన్‌లో రికార్డు చేస్తామంటే, అందరికీ చెప్పి చేయమను.

మాటామాటా పెరిగినప్పుడు ఎవరు ఎవరిని ఏమన్నారో మినిట్స్‌లో రాయకు. తీర్మానం, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, ముఖ్యమైన కారణం, అసమ్మతి. అంతవరకు చాలు. "వాడు నన్ను దొంగన్నాడు, అది కూడా రాయి" అని పట్టుబట్టేవాళ్లుంటారు. ఆ మాట రాస్తే ఇద్దరి పిల్లలూ చదువుతారని నెమ్మదిగా చెప్పు.

చివరిగా నీ గురించి. ఆ గదిలో నీకంటే పెద్దవాళ్లు, అందులోనూ అందరూ మగవాళ్లు. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మాకు చెప్పడమేమిటి" అని ఒకరన్నారని రాశావు, ఆ మాట నన్నూ బాధపెట్టింది. వాళ్లకి ఎదురు తిరిగి సమాధానం చెప్పాల్సిన పని లేదు, తగ్గాల్సిన పనీ లేదు. పుస్తకం తెరిచి పేజీ నంబరు చెప్పు, వాక్యం చదువు, "ఇందులో ఏది మార్చమంటారండీ?" అని అడుగు. 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించి సాగు మానేసినప్పుడు, మా మురుగు కాలువ ఎన్నాళ్లుగా పూడిపోయి ఉందో చెప్పడానికి మాకు ఆధారంగా నిలిచింది మా సంఘం పాత తీర్మానాలే. అవి రాసిన మనిషి కూడా అప్పట్లో చిన్నవాడే, వాడిమీద కూడా కేకలేసినవాళ్లున్నారు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మీటింగుకి ముందే ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్లు, అమ్మని కూడా తీసుకెళ్లు. సర్ది రాయడం కుదరదని, అలా రాస్తే రేపు ఆయన సంతకానికే చెడ్డపేరని మర్యాదగా చెప్పు. ఎగువ నుంచి ఒకరితో, శివారు నుంచి ఒకరితో విడిగా మాట్లాడి, వాళ్లకి ఏ తేదీలు కావాలో కాగితం మీద రాయించుకో. అజెండాలో "గత మినిట్స్ ఆమోదం" ఒక అంశంగా, "దాళ్వా వంతుల తేదీలు" ఇంకో అంశంగా విడివిడిగా పెట్టు, మొదటిది పూర్తయ్యి సంతకాలయ్యాకే రెండోది మొదలవ్వాలి. రాసిన చిత్తు నాకు పంపు, తూముల నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య